ముఖం తెలియని వారితో వాదన: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

రాజకీయాలు, మతం, ప్రపంచ వ్యవహారాల మీద ఇంటర్నెట్‌లో అపరిచితులతో జరిగే వాదనల గురించి గోదావరి జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాల్లో అయిదింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం. ఉత్తరాలను క్లుప్తం చేశాం. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రకటించడం లేదు.

ప్రశ్న: నేను తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర గురించి ఫేస్‌బుక్‌లో నేనొక వ్యాసం పెడితే, ఊరూ పేరూ తెలియని ఒక వ్యక్తి దాని కింద "తెల్లవాడికి పిండాలు పెట్టే బానిస బుద్ధి మీది" అనీ, ఈస్టిండియా కంపెనీ శిస్తు పెరుగుతుందనే ఆనకట్టకు సొమ్ము పెట్టిందనీ రాశాడు. ఆధారాలతో జవాబిచ్చాను. అతడు మరింత రెచ్చిపోయాడు. రాత్రి పదకొండు దాటినా మాటకు మాట నడుస్తూనే ఉంది. "ఇలా వాదిస్తే ఎవరైనా మారారా నాన్నా, మానెయ్యండి" అంటున్నాడు మా అబ్బాయి. మానెయ్యడమే మంచిదంటారా? నా జవాబు ప్రతిని జత చేస్తున్నాను.
— విశ్రాంత ఉపాధ్యాయుడు, మండపేట

సమాధానం: మాస్టారూ, మానవద్దు. అయితే మీ అబ్బాయి అన్నదాంట్లో నిజం లేకపోలేదు. నలుగురూ చూస్తుండగా వాదనకు దిగిన మనిషి ఆ నలుగురి ముందే పొరపాటు ఒప్పుకోవడం చాలా అరుదు, ఎందుకంటే అక్కడికి అది పరువు సమస్య అయిపోయి ఉంటుంది. ఎదుటి పక్షం మాటలు రోజూ కళ్ళబడుతుంటే మనసు దానంతటదే మెత్తబడుతుందన్న నమ్మకం కూడా పరీక్షకు నిలవలేదు. క్రిస్ బెయిల్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ట్విట్టర్ వాడే రెండు పార్టీల అభిమానులకు కొంత డబ్బు ఇచ్చి, తమకు గిట్టని పక్షం నాయకుల మాటలను ఒక నెల పాటు చదివించారు. నెల తిరిగేసరికి రిపబ్లికన్ పార్టీ వారు మునుపటికంటే గట్టిగా తమ పక్షాన్నే పట్టుకున్నారు. డెమొక్రాట్లలో చెప్పుకోదగిన మార్పు రాలేదు.

అయితే మీ జవాబును చదివేది మిమ్మల్ని తిట్టిన వ్యక్తి ఒక్కడే కాదు. ఒక్క అక్షరం కూడా రాయకుండా, ఎవరి పక్షమూ ప్రకటించకుండా, రెండు వైపుల మాటలూ చదివి తమలో తాము తూకం వేసుకునేవారు ప్రతి వాదన చుట్టూ ఉంటారు. మీ పాత విద్యార్థులు, వారి పిల్లలు ఆ గుంపులోనే ఉండవచ్చు. మీరు రాయవలసింది వారికోసం. ఈ సంగతి తెలుసుకోవడానికి మనం అమెరికా దాకా వెళ్ళనక్కర లేదు, రాజమహేంద్రవరం చరిత్రే చాలు. కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1874లో వివేకవర్ధని పత్రికను ప్రారంభించినప్పటి నుంచి వాదప్రతివాదాలు ఆయనకు నిత్యకృత్యమయ్యాయి. మద్రాసు నుంచి కొక్కొండ వేంకటరత్నం పంతులు గారు తమ పత్రికతో ఆయనను ఎదుర్కొన్నారు. 1879లో వితంతు వివాహాన్ని సమర్థిస్తూ రాజమహేంద్రవరంలో ఉపన్యసించినప్పుడు వీరేశలింగం గారు పరాశర స్మృతిని ప్రమాణంగా చూపించారు. అంటే తనకు నచ్చిన ఆధారాన్ని కాక, ఎదుటివారు కాదనలేని ఆధారాన్ని వారి ముందు పెట్టారు. అయినా పండితుల్లో చాలామంది దిగిరాలేదు సరిగదా, ఆయనతో పాటు ఆయన వెంట నడిచినవారికి కూడా వెలి తప్పలేదు. మారినవారు ఆ వాదనలను పక్కన నిలబడి విన్నవారు. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిగినప్పుడు ఆయనకు అండగా నిలిచింది విద్యార్థులు. ఉద్యమానికి ధనసహాయం చేసింది కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య గారు.

ఇక మీ జవాబు సంగతి. దాన్ని శ్రద్ధగా చదివాను. మొదటి నాలుగు వాక్యాలూ ఆ వ్యక్తి అజ్ఞానం గురించి, అతని పెంపకం గురించి ఉన్నాయి. 1839 తుపానులో, ఆ దశాబ్దపు కరువుల్లో ఈ ప్రాంతం ఎంత చితికిపోయిందో, 1847లో మొదలైన పని 1852 నాటికి ఎలా పూర్తయిందో మీరు చక్కగా చెప్పారు గాని, అదంతా అయిదో వాక్యం తర్వాత వచ్చింది. పక్కన నిలబడి చదివే మనిషి అప్పటికే "ఇదొక తిట్ల పురాణం" అనుకొని వెళ్ళిపోయి ఉంటాడు. మరొక సంగతి ఇంకా ముఖ్యమైనది. ఈస్టిండియా కంపెనీ శిస్తు పెరుగుతుందన్న లెక్కతోనే సొమ్ము పెట్టిందని అతడన్న మాట నిజం. కాటన్ కూడా ప్రభుత్వానికి ఎంత ఆదాయం వస్తుందో లెక్కగట్టి చూపించే ఆ పనికి అనుమతి తెచ్చుకున్నాడు. ఆ నిజాన్ని మీరు ముట్టుకోలేదు కనుక, మీరు దేన్నో దాస్తున్నారన్న అనుమానం చదివేవారికి కలుగుతుంది. నేనైతే ఇలా రాసేవాణ్ణి:

"కంపెనీ శిస్తు కోసమే సొమ్ము పెట్టిందన్న మీ మాట సరైనదే. అయితే ఆ సొమ్మును ఈ డెల్టా మీద పెట్టించిన ఇంజనీరు కాటన్, రాళ్ళు మోసి ఆనకట్ట నిలబెట్టింది మా ప్రాంతపు కూలీలు, ఆ నీటితో ఆకలి తీర్చుకున్నది మా తాతముత్తాతలు. పుష్కరాల్లో ఆయనను తలుచుకునేది ఆ కృతజ్ఞతతోనే. దానివల్ల కంపెనీ పాలనను మెచ్చుకున్నట్టు కాదు."

ఎదుటివారి వాదాన్ని వారే "అవును, మేమన్నది ఇదే" అనేటట్టు ముందుగా చెప్పి, ఆ తర్వాతే ఖండించడం మన శాస్త్రకారులు పాటించిన పూర్వపక్ష పద్ధతి. తెలుగు పాఠం చెప్పిన మీకు అది కొత్త కాదు. న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా విభజించాయన్నదీ మీకు తెలిసినదే. సత్యం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం, తనదంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటివాడు చెప్పినదల్లా కాదనేది వితండం. మొదటి రెండు జవాబుల్లోనే ఎదుటి మనిషి ఏ రకానికి చెందినవాడో తెలిసిపోతుంది. వితండానికి దిగినవాడికి మూడో జవాబు ఇవ్వనక్కర లేదు, మీ రెండు జవాబులూ అక్కడ చదివేవారి కోసం ఉండనే ఉంటాయి. వీరేశలింగం గారి కాలంలో ఒక సంచికకూ మరో సంచికకూ మధ్య ఉండే వ్యవధి రాసేవారి కోపాన్ని కొంత చల్లార్చేది. ఇప్పుడు ఆ వ్యవధిని మనమే కల్పించుకోవాలి. రాత్రి పదకొండుకు రాసిన జవాబును పొద్దున కాఫీ తాగాక మళ్ళీ చదివి పంపండి.

ప్రశ్న: నేను వనామీ రొయ్యల రైతుని. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచాక మా దగ్గర ధర పడిపోయింది. అమెరికాలో ఉంటున్న ఒక తెలుగాయన, నాకు ముక్కూ మొహం తెలియదు, "సుంకం కట్టేది ఇక్కడి కొనుగోలుదారు, మీకొచ్చిన నష్టం ఏమీ లేదు, దీన్ని రాజకీయం చేయకండి" అని రాశారు. "కట్టేది మేమే" అని నేనన్నాను. చివరికి మాట పార్టీల మీదికి, అక్కడి నుంచి కులాల మీదికి పోయింది. ఇంతకీ మా ఇద్దరిలో ఎవరిది ఒప్పు?
— ఆక్వా రైతు, ఆకివీడు దగ్గర

సమాధానం: సుంకం సొమ్మును ప్రభుత్వానికి చెల్లించేది ఎవరు, ఆ భారాన్ని చివరికి మోసేది ఎవరు అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలండీ. ఆయన మొదటి ప్రశ్నకు జవాబు చెబుతున్నారు, మీరు రెండో ప్రశ్నకు చెబుతున్నారు. అందుకే మీ వాదన ఎంతసేపు సాగినా ఒకరి మాట ఒకరికి తగల్లేదు.

అమెరికా కస్టమ్స్ శాఖ సుంకాన్ని వసూలు చేసేది దిగుమతిదారు నుంచి. అంతవరకు ఆయన మాట సరైనది. రొయ్యల వ్యాపారంలో సుంకంతో సహా సరుకు అప్పగించే ఒప్పందాలు కూడా ఉంటాయి గనుక, అలాంటి చోట ఆ చెల్లింపు మన ఎగుమతిదారు మెడకే చుట్టుకుంటుంది. అలాంటి ఒప్పందం లేకపోయినా భారం అక్కడే ఆగిపోదు. 2023–24లో మన దేశం ఎగుమతి చేసిన ఘనీభవించిన రొయ్యల్లో, పరిమాణం లెక్కన చూస్తే, సుమారు 40 శాతం అమెరికాకే వెళ్ళాయి. ఆగస్టు 7 నుంచి 25 శాతం, రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో 27 నుంచి మరో 25 శాతం మన సరుకు మీద పడినప్పుడు, ఈక్వడార్ రొయ్యల మీద ఉన్న సుంకం 15 శాతం. కొనుగోలుదారు ఆ తేడా చూపించి ధర తగ్గించమంటాడు, ఎగుమతిదారు రొయ్యలు శుద్ధి చేసే ప్లాంటు దగ్గర తగ్గిస్తాడు, ప్లాంటువారు మీ చెరువు గట్టు మీద కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) ధర తగ్గిస్తారు. మీ దగ్గరికి వచ్చేసరికి తగ్గించమనడానికి మీ కింద ఎవరూ లేరు. పట్టుబడికి వచ్చిన రొయ్యను మేత ఖర్చు, కరెంటు బిల్లు, వైరస్ భయం నడుమ చెరువులో ఎన్నాళ్ళో నిలపలేరు. అమెరికాలో ఉన్నాయన చూసింది ఈ గొలుసు పై కొసను. ఆయనకు కింది కొస కనిపించే అవకాశం లేదు.

మీరు చూపించగలిగిన ఆధారం ఇంకెవరూ చూపించలేరు. ఒకే కౌంటుకు ఆగస్టుకు ముందు, తర్వాత మీకు కట్టిన ధర రసీదులు రెండు, వ్యాపారి పేరు కప్పి, ఆ చర్చలో పెట్టి ఉంటే అది ఆయన సిద్ధాంతానికి సరైన జవాబు అయ్యేది. ధర పడడానికి వాతావరణం, వ్యాధులు, ఒక్కసారిగా అందరూ పట్టుబడికి దిగడం వంటి కారణాలు కూడా ఉంటాయని మీరే ఒక వాక్యం చేర్చితే మీ మాటకు విలువ ఇంకా పెరుగుతుంది.

రష్యా చమురు కొనడం మంచిదా కాదా అన్నది మాత్రం రసీదులతో తేలే ప్రశ్న కాదు. దేశానికి ఏది ముఖ్యమన్న దాని మీద ఇద్దరు బుద్ధిమంతులు చివరిదాకా విభేదించవచ్చు. అక్కడ "మనం వేరు వేరుగా ఆలోచిస్తున్నాం" అని ఆపడం గౌరవప్రదమే. కులం మాట వచ్చిన క్షణం నుంచి అక్కడ రొయ్య గురించి గాని సుంకం గురించి గాని ఎవరూ మాట్లాడడం లేదు. ఆ మాటకు జవాబివ్వకుండా బయటికి వచ్చేయండి.

ప్రశ్న: మా అబ్బాయి దుబాయిలో ఒక కంపెనీలో పని చేస్తున్నాడు. సెలవు రోజు వస్తే చాలు, ఫోనులో ఎవరెవరితోనో మతం మీద గొడవ పడుతుంటాడు. మన దేవుళ్ళను ఎవరో ఏదో అన్నారని వీడు వాళ్ళ మతాన్ని నానా మాటలూ అంటాడు. "తెలుగులో రాస్తే ఇక్కడ ఎవరికి అర్థమవుతుందమ్మా" అంటాడు. నాకు భయంగా ఉంది. నేనేం చెయ్యాలి?
— ఒక తల్లి, మలికిపురం

సమాధానం: అమ్మా, మీ భయం సరైనదే. ఈ విషయంలో ఆలస్యం చేయకండి.

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో మతాన్ని ఇంటర్నెట్‌లో కించపరచడం నేరం. 2021లో చేసిన సైబర్ నేరాల చట్టం ప్రకారం దానికి జైలు, చాలా పెద్ద మొత్తంలో జరిమానా పడవచ్చు. ఉద్యోగం పోవడం, దేశం నుంచి పంపించివేయడం దానికి అదనం. 2020లో ఫేస్‌బుక్‌లో మతాన్ని దూషించే రాతలు పెట్టినందుకు అక్కడ కొందరు భారతీయుల ఉద్యోగాలు పోయాయి. వారిలో ఒకరిని కంపెనీయే అధికారులకు అప్పగించింది. తెలుగులో రాస్తే అర్థం కాదన్నది వట్టి భ్రమ. ఒక్క బటన్ నొక్కితే అనువాదం వస్తుంది. అంతకంటే ముఖ్యంగా, వాదనలో ఓడిపోయానని కోపం వచ్చిన తెలుగువాడే ఆ రాతను స్క్రీన్‌షాట్ తీసి కంపెనీవారికి పంపగలడు. భారత పౌరుడు విదేశంలో చేసిన నేరానికి మన శిక్షాస్మృతి అయిన భారతీయ న్యాయ సంహిత కూడా వర్తిస్తుంది గనుక, ఇంటికి వచ్చేస్తే అంతటితో తీరిపోతుందన్న ధైర్యం కూడా పనికిరాదు. పాత రాతలను వెంటనే తీసెయ్యమనండి.

అయితే ఈ చట్టాల జాబితా చదివి వినిపిస్తే అబ్బాయి ఫోను పెట్టేస్తాడు. ముందు అతణ్ణి బాధపెట్టిన మాట ఏమిటో అడిగి, పూర్తిగా విన్న తర్వాతే మిగతాది చెప్పండి. తాను చిన్నప్పటి నుంచి మొక్కిన దేవుణ్ణి ఎవరో పరాయివాడు తూలనాడితే మనసు రగలడం సహజం, దాన్ని తప్పు పట్టవలసిన పని లేదు. కాని తిట్టినవాడు ఆ మతానికంతటికీ ప్రతినిధి కాడు. మీ ఊళ్ళో చర్చికి వెళ్ళే ఇంటివారు, మసీదుకు వెళ్ళే ఇంటివారు మీ ఇంట్లో పెళ్ళికి ఎలా వచ్చారో, కష్టానికి ఎలా నిలబడ్డారో మీకు తెలిసినవి పేర్లతో సహా గుర్తు చేయండి. అక్కడ అతని గదిలో ఉంటున్న సహోద్యోగుల మతాలేమిటో కూడా అడగండి. మతం గురించి నిజంగా మాట్లాడాలన్న కోరిక ఉంటే, ఎదురుగా కూర్చున్న మనిషితో మర్యాదగా మాట్లాడే అవకాశం దుబాయిలో అతనికి ఉన్నంతగా మనకు ఇక్కడ లేదు.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. ఎన్నికల హామీల అమలు గురించి నేను పెట్టిన కామెంటుకు ఒక అపరిచితుడు "66ఎ కింద జైలుకు పంపిస్తా, నీ కాలేజీ ఏదో నాకు తెలుసు" అని రాశాడు. భయపడి కామెంటు తీసేశాను. నిజంగా కేసు పెట్టగలరా?
— విద్యార్థిని, కాకినాడ

సమాధానం: ఆ సెక్షన్ ఇప్పుడు లేదమ్మా. ఇంటర్నెట్‌లో అభ్యంతరకరమైన సందేశాలు పంపడాన్ని నేరం చేసిన, సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ రాజ్యాంగ విరుద్ధమని శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. ఆ తర్వాత కూడా దాని కింద కేసులు నమోదవుతున్నాయని తెలిసి, ఎవరినీ దాని కింద విచారించరాదని 2022లో మళ్ళీ ఆదేశించింది. ఒక అభిప్రాయాన్ని చర్చించడం, దాన్ని గట్టిగా సమర్థించడం, జనాన్ని రెచ్చగొట్టడం అనే మూడింటినీ ఆ 2015 తీర్పు వేరు చేసి చూపింది. మొదటి రెండూ, ఎవరికి ఎంత గిట్టకపోయినా, రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణ ఇచ్చిన వాక్ స్వేచ్ఛలో భాగం. మతం, కులం, భాష పేరుతో వర్గాల మధ్య శత్రుత్వం పెంచే రాతలకు భారతీయ న్యాయ సంహితలోని 196వ సెక్షన్, దురుద్దేశంతో మతాన్ని అవమానించే రాతలకు 299వ సెక్షన్ ఉన్నాయి. రెండింటికీ మూడేళ్ళ దాకా శిక్ష పడవచ్చు. హామీలు ఎంతవరకు అమలయ్యాయని అడగడం వాటి కిందికి రాదు.

ఈ ఉదంతంలో చట్టం దృష్టికి తీసుకువెళ్ళవలసిన రాత ఏదైనా ఉంటే అది అతనిదే. "నీ కాలేజీ తెలుసు" అన్న మాటను తేలికగా తీసుకోకు. తేదీ, అతని ఖాతా పేరు, లింకు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకున్నాకే బ్లాక్ చెయ్యి, ఇంట్లోవాళ్ళకు చెప్పు. మళ్ళీ బెదిరిస్తే జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో గాని దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గాని ఫిర్యాదు చేయవచ్చు. నీ ప్రొఫైల్‌లో కాలేజీ పేరు, ఊరు, కుటుంబ ఫోటోలు అందరికీ కనిపించకుండా మార్చుకో. ఆ తర్వాత, నీ కామెంటులోని విషయం సరైనదని ఇప్పటికీ అనుకుంటుంటే, దాన్ని తిరిగి పెట్టు.

ప్రశ్న: మా ఊరి వాట్సాప్ గ్రూపుకు నేను అడ్మిన్‌ని. ఊరివాళ్ళతో పాటు హైదరాబాద్, గల్ఫ్, అమెరికాలో ఉన్నవాళ్ళూ, వాళ్ళు చేర్చిన తెలియనివాళ్ళూ ఉన్నారు. ఎవరైనా తప్పుడు పోస్టు పెడితే కేసు నా మీద పెడతారా? మతం, రాజకీయం పూర్తిగా నిషేధించమంటారా?
— ఒక అడ్మిన్, పాలకొల్లు

సమాధానం: అడ్మిన్‌గా ఉన్నంత మాత్రాన ఇతరుల పోస్టుకు నేరబాధ్యత రాదని బాంబే హైకోర్టు 2021లోనూ, కేరళ హైకోర్టు 2022లోనూ చెప్పాయి. మీరూ ఆ ఉద్దేశంలో పాలుపంచుకుంటే మాత్రం సంగతి వేరు. సభ్యుల పోస్టును అందరికీ కనిపించకుండా తొలగించే వీలు అడ్మిన్‌లకు ఉంది. దాన్ని వాడడానికి మొహమాటపడకండి.

పూర్తిగా నిషేధించవద్దు. కాలువకు నీరు ఎప్పుడు వదులుతారు, పంచాయతీ సొమ్ము దేనికి ఖర్చయింది అన్నవి కూడా రాజకీయాలే, వాటిని ఊరు మాట్లాడుకోకపోతే ఇంకెవరు మాట్లాడుకుంటారు? ఆపవలసింది ఊరితో సంబంధం లేనివారు తయారు చేసి పంపే ఆవేశాన్ని. 2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం కాలిపోయినప్పుడు, కారణం తేలకముందే, అంతర్వేది ఎటువైపు ఉందో తెలియనివారు కూడా దోషులెవరో తీర్మానించి ఫార్వర్డులు పంపారు. 2022 మే 24న, కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చడం మీద రేగిన వివాదం అమలాపురంలో మంత్రి, శాసనసభ్యుల ఇళ్ళు తగలబడేదాకా వెళ్ళింది. ఆ తర్వాత కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోయి, ఇంటి నుంచి పనిచేసేవారి పనులు, బ్యాంకు పనులు స్తంభించాయి. దూరాన కూర్చుని రెచ్చగొట్టినవారికి అందులో ఏ కష్టమూ కలగలేదు. కేసులు, నష్టాలు ఇక్కడివారికే మిగిలాయి.

గ్రూపులో రెండు నియమాలు ప్రకటించండి. ఏదైనా సంఘటన గురించి పెట్టేవారు తాము కళ్ళారా చూశారా, లేక ఇంకెక్కడి నుంచైనా తెలుసుకున్నారా అన్నది మొదటి వాక్యంలోనే రాయాలి. "చాలాసార్లు ఫార్వర్డ్ అయింది" అని రెండు బాణాల గుర్తుతో వచ్చే సందేశాన్ని ఎవరూ గ్రూపులో పెట్టకూడదు. అలాంటి సందేశాన్ని ఒకసారికి ఒక్కరికి మించి పంపే వీలు లేకుండా వాట్సాప్ సంస్థే 2020 ఏప్రిల్‌లో పరిమితి పెట్టింది. ఉద్రిక్తత ఉన్న రోజుల్లో అడ్మిన్‌లు మాత్రమే పోస్టు పెట్టేలా సెట్టింగ్ మార్చి, గొడవ సద్దుమణిగాక తెరవండి. ఇక గ్రూపులో ఉన్న తెలియని నంబర్లు ఎవరివో, వారిని ఎవరు చేర్చారో ఈ వారంలోనే కనుక్కొని రాసిపెట్టుకోండి. తమవారని ఎవరూ చెప్పని నంబర్లను తొలగించండి.